వణకని అంకె

ఆ కార్ఖానాలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఓనరు దగ్గర్నుంచి మెట్లు ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆమె నిక్కచ్చి. ఎదురుగా ఉన్నప్పుడు దాని చివర "మేడమ్" తగిలించేవాళ్ళు, అంతే తేడా. గోడ గడియారం అర నిమిషం వెనకబడితే చాలు, కుర్చీ ఎక్కి దాన్ని సరిచేసిగానీ భుజం మీది సంచీ దించేది కాదు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, చెప్పిన టైముకి వచ్చే మనిషి దొరకలేదు అనేది. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె మాత్రం ఉన్నమాటే చెప్పింది.

కార్ఖానా ఒక రంగుల దుకాణం పైన ఉండేది. రెండు గదులు, నాలుగు బల్లలు, ఎప్పుడూ సోల్డరింగ్ పొగ వాసన. ఆమె పని కాలాన్ని కొలిచే సర్క్యూట్లు తయారుచెయ్యడం. కాలమంటే మనం ఈడ్చుకొచ్చే గంటలూ రోజులూ కాదు. ఒక మెరుపు బయల్దేరి, ఎదురుగా ఉన్న అద్దాన్ని తాకి, తిరిగి వచ్చేంత సేపు. ఆ సేపు తెలిస్తే అద్దం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. వినడానికి తేలికే. కానీ వెలుతురు పరుగు ముందు మన రెప్పపాటు ఒక యుగం. ఆమె సర్క్యూట్లోని గడియారం రెప్పపాటులో కోట్లసార్లు టిక్కుమంటుంది. అయినా ఒక టిక్కుకీ ఇంకో టిక్కుకీ మధ్య, అద్దం జానెడు దూరం జరిగినా దానికి తెలియదు. అందుకే ఒక్క మెరుపుతో సరిపెట్టకుండా వేలకొద్దీ మెరుపులు పంపి, వచ్చిన జవాబులకు సగటు తీస్తారు. సగటులో ఆ జానెడు కాస్తా గోరంత దాకా దిగుతుంది. ఇంతవరకు ఓపిక పట్టి వింటే చాలు, తర్వాత జరిగిందంతా దీనిలోంచి వచ్చిందే.

ఆ గోరంత కోసమే ఆమె జుట్టు నెరిసింది. ఎండ ఎక్కితే ఒక మాట, మబ్బు పడితే ఒక మాట చెప్పే సర్క్యూట్లను, మాట మీద నిలబడని మనుషుల్ని తిట్టినట్టే తిట్టేది. హెయిర్ డ్రయ్యరుతో బోర్డును వేడిచేసి, విసనకర్రతో చల్లార్చి, ఏ ముక్క ఎక్కడ మాట మారుస్తోందో వెతికేది. వేడి తగలకుండా చుట్టూ థర్మాకోల్ గూడు కట్టింది. కరెంటులో వచ్చే గరగర ఆపడానికి నెలల తరబడి కుస్తీ పట్టింది. ఇన్ని చేసినా ఒక్క జబ్బు మిగిలింది. చివరి అంకె ఒకచోట నిలవదు. ఆ సర్క్యూటు బిగించిన కొలత పెట్టె దేన్ని చూస్తున్నా సరే, చివరి అంకె పైకీ కిందకీ తైతక్కలాడుతూనే ఉంటుంది.

"కొన్నవాళ్ళు ఫోన్లు చేసి చంపేస్తున్నారమ్మా," అన్నాడు ఓనరు ఒకరోజు. "గోడ ముందు పెట్టినా అంకె కదులుతోందట. గోడ నడుస్తోందా అని నన్ను అడుగుతున్నారు. ఏం చెప్పను?"

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. కూర్చుని ఆలోచించింది. మెరుపు పంపే భాగానికి దాని గడియారం దానిది, టిక్కులు లెక్కపెట్టే భాగానికి దాని గడియారం దానిది. రెండూ ఎవరి దారిన వాళ్ళు పోయే మొగుడూ పెళ్ళాల్లా ఉన్నాయి, అందుకే ఈ తంటా అనుకుంది. ఒక చిన్న తీగతో రెండింటినీ ముడిపెట్టింది. ఇక నుంచి టిక్కుమన్న క్షణానే మెరుపు బయల్దేరుతుంది, ముందూ కాదు, వెనకా కాదు. స్విచ్చి వేసింది. అంకె కొయ్యబారినట్టు నిలబడింది. అద్దానికి బదులు మెరుపును పంపి చూసేందుకు బల్ల మీద చుట్టపెట్టిన కేబులును సాయంత్రం దాకా కొలిచినా, మర్నాడు కొలిచినా అదే అంకె. ఓనరు అందరికీ మిఠాయి తెప్పించాడు. నిక్కచ్చి జీవితంలో అంత సంతోషపడిన రోజు ఇంకోటి లేదు.

కేబులు ఎక్కడికీ కదలదని, కదలనిదాన్ని కదల్లేదని చెప్పడం గొప్ప కాదని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. అందరూ చదువుకున్నవాళ్ళే.

ఆమెకు ఈ లోకంలో ఉన్నది అక్క ఒక్కతే. తల్లి పోయాక కుట్టుమిషను తొక్కి, చెల్లెలి చదువును గట్టెక్కించిన మనిషి. ఇప్పటికీ మిషను తొక్కుతూనే ఉంది. అక్కా బావా ఉండేది ఊరి చివర, కొండ కింది వీధిలో. రోడ్డు వెడల్పు చెయ్యడానికి కొండ పాదాన్ని కోసినప్పటినుంచి ఆ వీధివాళ్ళకు కంటిమీద కునుకు లేదు. రోడ్ల ఆఫీసువాళ్ళు వచ్చి కొండ మీద ఒక అద్దం పాతి, ఎత్తయిన ఇల్లని అక్క వాళ్ళ డాబా మీద కార్ఖానా పాత పెట్టె ఒకటి బిగించారు. కొండ జరిగితే అంకె తగ్గాలి. కానీ పాత పెట్టె అంకె ఎప్పుడూ వణికేది. అది వణికినప్పుడల్లా వీధి వీధంతా బయటికి ఉరికేది. సగం మంది చుట్టాల ఇళ్ళకు చేరారు.

కొత్త బోర్డును అక్కడ పెట్టడానికి నిక్కచ్చి స్వయంగా వెళ్ళింది. బావ నిచ్చెన పట్టుకున్నాడు. వీధి అంతా డాబా కింద పోగయింది.

"వణికే అంకెను నమ్మకండి," అని పైనుంచి చెప్పింది. "నిలకడ లేని మాట ఎవరిదైనా అబద్ధమే. ఇది వణకదు. ఇది కదిలిన రోజు ఇళ్ళు వదలండి. అప్పటిదాకా నిశ్చింతగా పడుకోండి."

ఆమె మాట మీద వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చారు. మంచాలు, బిందెలు, పిల్లలు, ఒక ముసలి కుక్క. చివరింట్లో ఉండే పోస్టుబాబాయి, కాలు సరిగా లేక కర్ర పట్టుకుని నడిచే మనిషి, అందరికన్నా ముందు వచ్చి తాళం తీశాడు. బావ బస్సు డ్రైవరుగా రిటైరయి ఖాళీగా ఉన్నాడు. ఆయనకు ఒక ఉద్యోగం దొరికినట్టయింది. రోజూ పొద్దున్నే డాబా ఎక్కి అంకె చదివి, పిట్టగోడ మీంచి వీధి మొత్తానికి వినిపించేవాడు. అది నిన్నటి అంకే. మొన్నటి అంకే. ఆ వీధివాళ్ళు దాన్ని వింటూ పళ్ళు తోముకునేవాళ్ళు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. వెనక గది తలుపు పట్టేస్తోందని అక్క ఫోన్లో చెప్పింది. వానకు చెక్క ఉబ్బి ఉంటుందిలే అంది నిక్కచ్చి. గోడకు చీలిక వచ్చిందని చెప్పింది. పాత ఇల్లు కదక్కా అంది.

"అది కాదే చిన్నీ, చీలికలో నా వేలు పడుతోంది."

"అంకె ఎంతుంది?"

"అంకె మారలేదు. మీ బావ రోజూ చదువుతూనే ఉన్నారు."

"మరి ఇంకేంటి నీ భయం? నా మాట నమ్మవా?"

"నిన్ను నమ్మక ఎవర్ని నమ్ముతానే," అంది అక్క.

ఆదివారం మధ్యాహ్నం ఆమె అక్కింటికి వెళ్ళింది. వాన జల్లు పడుతూ ఆగుతూ ఉంది. అక్క ముందు గదిలో మిషను మీద ఉంది. వెనక గదిలో బావ చాప మీద కూర్చుని ఉన్నాడు, మీసం మీద టీ నురుగు ఇంకా ఆరలేదు. ఆయనకు షుగరు. చక్కెర వేసిన టీ తాగకూడదని డాక్టరు చెప్పాడు, అక్క దాన్ని శాసనం చేసింది. గోడ మీది పాత గడియారం గంట కొట్టినప్పుడల్లా మిషను దగ్గర్నుంచే "ఏమండీ" అని పిలుస్తుంది. "ఆఁ" అని పలికితే ఇంట్లో ఉన్నట్టు లెక్క.

"మళ్ళీ టీ కొట్టుకి వెళ్ళొచ్చారా బావా?"

"ష్. నెమ్మదిగా," అన్నాడు బావ. "అంతా టైమింగు మరదలా. నువ్వు చెప్పే టైమింగే. గంట కొట్టగానే ‘ఆఁ’ అని పలికేసి, ఆ క్షణమే వెనక తలుపులోంచి బయల్దేరతాను. టీ తాగి, నాలుగు కబుర్లు చెప్పి, మళ్ళీ గంట కొట్టేలోపు వచ్చి ఇక్కడ కూర్చుంటాను. ఎన్నిసార్లు పిలిచినా పలుకుతాను. మీ అక్క లెక్కలో నేను ఏడాదిగా ఇక్కణ్ణుంచి కదల్లేదు."

నిక్కచ్చి నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

గంట కొట్టగానే బయల్దేరతాడు. టిక్కుమనగానే మెరుపు బయల్దేరుతుంది. అక్క గంటకు కాకుండా తన ఇష్టం వచ్చినప్పుడు పిలిచి ఉంటే, పదిసార్లలో మూడుసార్లయినా ఆయన పలికేవాడు కాదు. ఎంతసేపు బయట తిరుగుతున్నాడో ఆ పలకకపోవడంలోనే తెలిసేది. పాత పెట్టెలో మెరుపు ఇష్టం వచ్చినప్పుడు బయల్దేరేది కాబట్టే ఒకసారి ఒక టిక్కు ఎక్కువ, ఒకసారి ఒక టిక్కు తక్కువ వచ్చేది, ఆ తేడాల్లోంచే సగటు గోరంతను పట్టుకునేది. ఆ వణుకు జబ్బు కాదు. దానికి ఉన్న చూపు అదొక్కటే. తాను దాన్ని ముడేసి ఊపిరాడకుండా చేసింది. వేల మెరుపులు, వేల జవాబులు, అన్నీ ఒకే అబద్ధం. కొండ జానెడు దాకా కిందికి జారవచ్చు, పెట్టె మాత్రం కిక్కురుమనదు.

"ఏంటి మరదలా, అలా అయిపోయావు?"

ఆమె లేచి ముందు గదిలోకి నడిచింది. అక్క మిషను మీది కత్తెర తీసుకుని డాబా ఎక్కింది. పెట్టె మూత తెరిచింది. మెరుపుకు ఒకప్పుడున్న సొంత గడియారాన్ని బోర్డు మీంచి పీకెయ్యలేదు, అది మూలన పడి ఉంది. ముడి తెంపితే మెరుపు మళ్ళీ దాని మీదే నడుస్తుంది. వానలో కళ్ళజోడు తుడుచుకుంటూ ఆ సన్న తీగను వెతికి కత్తిరించింది. మూడుసార్లు జారింది కత్తెర.

అంకె వణికింది. పైకీ కిందకీ, పాత రోజుల్లోలాగే. సగటు కుదురుకుంటుందేమోనని ఆమె ఆగి చూసింది. అది కుదురుకోలేదు. వణుకుతూ వణుకుతూనే దిగుతోంది. చూస్తుండగానే ఒక గోరంత. కళ్ళజోడు మళ్ళీ తుడుచుకుని చూసేసరికి ఇంకో గోరంత. ఆమె తలెత్తి కొండను చూసింది. ఎప్పటిలాగే ఉంది, పచ్చగా, తడిసి, ఏమీ ఎరగనట్టు.

వీధిలోకి ఎలా దిగిందో ఆమెకే తెలియదు. ఇంటింటి తలుపూ కొట్టింది. జనం గొడుగులతో, తువ్వాళ్ళతో బయటికొచ్చారు. ఇద్దరు ముగ్గురు డాబా ఎక్కి పెట్టెను చూసొచ్చారు.

"అది వణుకుతోంది కదమ్మా," అన్నాడు పోస్టుబాబాయి తన గుమ్మంలో కర్ర మీద ఆనుకుని. "వానకి చెడిపోయినట్టుంది."

"చెడిపోలేదు బాబాయిగారూ. ఇప్పుడే బాగయింది. ఇన్నాళ్ళూ చెడిపోయి ఉంది."

"వణికే అంకెను నమ్మొద్దని నువ్వే కదా చెప్పావు? నీ మాట మీదే కదా సామాను దింపుకున్నాం?"

"నేను తప్పు చెప్పాను."

"అప్పుడు తప్పయితే ఇప్పుడు ఒప్పని ఎలా తెలుస్తుంది?"

దానికి జవాబుంది. గడియారాలు, సగటులు, ముడి. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వింటున్నవాళ్ళ ముఖాల్లో జాలి కనిపించింది, పెద్దపెద్ద చదువులు చదివిన ఆడపిల్లకు మతి చలించిందని. ఒకావిడ పొయ్యి మీద అన్నం ఉందంటూ, పసిపిల్లను గుమ్మంలోనే వదిలి లోపలికి వెళ్ళిపోయింది. నమ్మకం ఎంత తేలిగ్గా తెచ్చిపెట్టిందో, అంత తేలిగ్గా దాన్ని వెనక్కి తీసుకోవడం ఆమె చేతిలో లేకపోయింది. చేతులెత్తి దణ్ణం పెట్టింది. కాళ్ళు పట్టుకుంటానంది. ఇక ఏం చెయ్యాలో తెలియక, నడివీధిలో వానలో నిలబడి ఏడ్చింది.

అప్పుడు అక్క వచ్చింది. మెళ్ళో టేపు అలాగే వేలాడుతోంది. చెల్లెలి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. సూదిమొనంత ముక్కల్ని బోర్డు మీద అతికే చేతులు. అవి ఆకుల్లా వణుకుతున్నాయి.

"నీ చేతులు వణకడం నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు," అంది అక్క. "అమ్మ పోయినప్పుడు కూడా వణకలేదు. పద."

అంతే. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అక్క ఎవరికీ గడియారాల సంగతి చెప్పలేదు. నేరుగా వెళ్ళి, లోపలికి పోయిన ఆవిడ గుమ్మంలోంచి ఆమె పసిపిల్లను ఎత్తుకుని పెద్దరోడ్డు వైపు నడిచింది. తల్లి కేకలేస్తూ వెనకాల పరిగెత్తింది. ఆవిడ వెనక మొగుడు, మొగుడి వెనక ఆయన తల్లి. ఒక ఇల్లు కదిలితే పక్క ఇల్లు కదిలింది. బావ బస్సులోంచి జనాన్ని దింపినట్టే చేతులు చరుస్తూ, దిగండి దిగండి, సామాను తర్వాత, ముందు మనుషులు అంటూ వీధిని తోలుకొచ్చాడు. వీధి మలుపు దాటి, ఎత్తు మీదున్న బడి వరండాలోకి అందరూ చేరారు. నిక్కచ్చి తలలు లెక్కపెట్టింది. ఒకటి తక్కువ వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"పోస్టుబాబాయి రాలేదు," అంది.

"నేను తీసుకొస్తా," అన్నాడు బావ. "ఆయన నడిస్తే రేపటికి వస్తాడు. వీపున వేసుకొచ్చేస్తా."

"వద్దు బావా, నేను వెళ్తాను."

"నువ్వు ఆయన్ని మొయ్యగలవా? నీ లెక్కలు కూడా మొయ్యలేకపోతున్నావు." ఆయన చెప్పులు విడిచి, పంట్లాం మడుచుకున్నాడు. అక్క ఏదో అనబోయింది. ఆయన అక్క వైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "అయిదు కొట్టేలోపు వచ్చేస్తాలే. ఎప్పుడైనా తప్పానా?"

తప్పలేదని అక్కకు తెలుసు. ఆయన టీ కొట్టుకి వెళ్ళొస్తున్నాడని తెలిసీ ఇన్నాళ్ళూ తెలియనట్టే పిలిచేదని ఆమె మొహం చూస్తే నిక్కచ్చికి అర్థమైంది.

ఆయన మలుపు తిరిగాడు. కాసేపటికి వాన చప్పుడు కింద ఇంకో చప్పుడు మొదలైంది, బరువైన బీరువాను ఎవరో పక్కగదిలోకి లాగుతున్నట్టు. కొండ నిలబడ్డ చోటే కూర్చుంది. పచ్చదనం మొత్తం ఒక్క తుండుగా జారి వీధి మీదికొచ్చి, మొదట చివరిల్లు, తర్వాత అక్క వాళ్ళ డాబా, తర్వాత మిగతావి, నెమ్మదిగానే, తొందరేమీ లేనట్టు కప్పేసింది. డాబా మీది పెట్టె వెలుతురు చివరిదాకా కనబడింది. తర్వాత కనబడలేదు.

మనుషులు అరిచారు, ఏడ్చారు, పేర్లు పెట్టి పిలిచారు. కొందరు పలుగులకోసం పరిగెత్తారు. పసిపిల్ల తల్లి వచ్చి నిక్కచ్చి పాదాల మీద పడింది. నిక్కచ్చి వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. ఆ దణ్ణం తనకు చెందదు. వీధి అంతటినీ వెనక్కి తెచ్చి ఆ కొండ కింద పడుకోబెట్టింది తనే. ఆ మాట ఇక్కడ ఎవరికీ గుర్తులేదు, ఇవాళ్టికి.

అక్క మాత్రం ఏడవలేదు. వరండా మెట్టు మీద, మలుపు కనబడేలా కూర్చుంది. ఎవరు చెయ్యి పట్టుకుని లేపినా లేవలేదు. బురదలో మనుషులు తవ్వుతున్నారు, తవ్వినకొద్దీ మట్టి దిగుతోంది. చీకటి పడబోతోంది. బడి బంట్రోతు లాంతరు ఒకటి తెచ్చి మెట్టు మీద పెట్టాడు. నిక్కచ్చి వచ్చి అక్క పక్కన కూర్చుంది.

"ఇంత దూరం గంట వినపడదు," అంది అక్క మలుపు వైపే చూస్తూ. "టైమెంతయిందే? అయిదు కొట్టిందంటావా? కొట్టగానే పిలవాలి. పిలిస్తే పలుకుతారు."

నిక్కచ్చి చేతి గడియారం లాంతరు వెలుతురులో స్పష్టంగా కనబడుతోంది. రోజూ సరిచేసుకునే గడియారం. ఆమె చీర చెంగును మణికట్టు మీదికి లాక్కుంది.

"ఇంకా కొట్టలేదక్కా," అంది.